చన్నీటిలో ఊపిరి: రెగ్యులేటర్ల ఎంపికపై తెగని వాదం

సిలిండర్‌లో బిగించిన గాలిని నీటి అడుగున మనిషి నోటికి అందించే పరికరం రెగ్యులేటర్. వెచ్చని సముద్రాల్లో దీని గురించి పెద్ద వాదనేమీ లేదు. పేరున్న ఏ కంపెనీది కొన్నా, వేళకు సర్వీసు చేయిస్తే ఏళ్ల తరబడి పని చేస్తుంది. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే మాత్రం లెక్క మారిపోతుంది. పరికరం లోపలా బయటా మంచు కట్టవచ్చు. మంచు కట్టిన రెగ్యులేటర్ సాధారణంగా గాలి ఆపేయదు, ఆపు లేకుండా వదిలేస్తుంది. డైవర్లు దీన్ని ఫ్రీ ఫ్లో అంటారు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి మొత్తం 2,400 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల లోతున 80 లీటర్లు పీలుస్తాడు కాబట్టి, అది అరగంట వస్తుంది. ఫ్రీ ఫ్లో మొదలైతే అదే గాలి కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

దీనికి విరుగుడు ఏమిటన్న దానిపై దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. పిస్టన్ కన్నా డయాఫ్రమ్ మేలని ఒకరంటారు. ప్లాస్టిక్ వద్దు, లోహమే కావాలని మరొకరంటారు. యూరప్ ప్రమాణం ముద్ర ఉంటే చాలని కొందరు, అమెరికా నౌకాదళం పరీక్షలో నెగ్గిందే నమ్మదగిందని కొందరు అంటారు. పరికరం ఏదైనా ఊపిరి మీద అదుపే ప్రాణం కాపాడుతుందనేవారు ఇంకొందరు. ప్రతి మాట వెనకా అనుభవం ఉంది, వ్యాపార ప్రకటనల రొద కూడా ఉంది. విశాఖలోనో అండమాన్‌లోనో డైవింగ్ నేర్చుకుని, ఉద్యోగరీత్యా బ్రిటన్‌కో స్వీడన్‌కో కెనడాకో వెళ్లిన తెలుగువారికి ఈ చిక్కు హఠాత్తుగా ఎదురవుతుంది. అందుకే ఈ వాదాల పుట్టుకనూ బలాబలాలనూ ఒకచోట చేర్చి చూడవలసి ఉంది.

మంచు ఎక్కడి నుంచి వస్తుంది?

మంచుకు చుట్టూ ఉన్న నీటి చల్లదనం సగమే కారణం. మిగతా సగం సిలిండర్‌లోని గాలే తెస్తుంది. సైకిల్ ట్యూబు వాల్వు నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగులుతుంది. ఒత్తిడి తగ్గినప్పుడు గాలి చల్లబడుతుందన్న సూత్రమే ఇక్కడా పని చేస్తుంది. రెగ్యులేటర్‌లో రెండు భాగాలుంటాయి. సిలిండర్ మీద బిగించే ఫస్ట్ స్టేజ్, లోపలి ఒత్తిడిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా 9, 10 బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా దించుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్, ఆ గాలిని నీటి ఒత్తిడికి సరిగ్గా సమానం చేసి అందిస్తుంది. అసలు కోత ఫస్ట్ స్టేజ్‌లోనే పడుతుంది. ఒత్తిడి బార్ తగ్గినప్పుడల్లా గాలి సుమారు 0.2 డిగ్రీలు చల్లబడుతుంది. 200 బార్ల నుంచి 10 బార్లకు దించితే, బయటి నుంచి వేడి ఏమాత్రం అందకపోతే, దాదాపు 40 డిగ్రీలు పడిపోతుంది. 4 డిగ్రీల సరస్సులో ఉన్న డైవర్ రెగ్యులేటర్‌లో అప్పుడు గాలి సున్నాకు 30 డిగ్రీల పైచిలుకు దిగువకు చేరుతుంది.

అంత చలి నుంచి పరికరాన్ని కాపాడేది విచిత్రంగా ఆ చన్నీళ్లే. గాలితో పోలిస్తే 4 డిగ్రీల నీరు వెచ్చనిదే. ఇత్తడి ఒళ్లు ఆ నీటి నుంచి వేడిని లాగి లోపలికి పంపుతుంది. నీటి నుంచి వచ్చే వేడి, గాలి లాగేసుకునే వేడి సమంగా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. డైవర్ ఆయాసపడి గబగబా పీల్చినా, అదే ఫస్ట్ స్టేజ్ నుంచి నీరు చొరని డ్రై సూట్‌లోకీ తేలింపు జాకెట్‌లోకీ ఒకేసారి గాలి నింపినా, ప్రవాహం పెరిగి తూకం తప్పుతుంది.

మంచు మూడు చోట్ల కడుతుంది. మొదటిది ఫస్ట్ స్టేజ్ స్ప్రింగు చుట్టూ చేరిన నీటిలో. అక్కడ గడ్డకడితే వాల్వు మూసుకోక మధ్య ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి సెకండ్ స్టేజ్‌ను తోసి తెరుస్తుంది. రెండోది సిలిండర్ గాలిలో కంప్రెసర్ వడపోత వదిలేసిన తేమలో. మూడోది సెకండ్ స్టేజ్‌లో, డైవర్ బయటికి వదిలిన తడి ఊపిరి లీవరు మీద చేరినప్పుడు. ఎక్కడ మొదలైనా పర్యవసానం ఒకటే. గాలి ధారగా పోతుంది, ధార పోయేకొద్దీ చలి పెరుగుతుంది, చలి పెరిగేకొద్దీ మంచు బిగుస్తుంది.

మంచినీటికీ ఉప్పునీటికీ తేడా ఉంది. మంచినీరు సున్నా దగ్గర గడ్డకడుతుంది, సముద్రపు నీరు దాదాపు మైనస్ 1.9 డిగ్రీల దాకా ఆగుతుంది. ఉష్ణోగ్రత ఒకటే అయినప్పుడు సరస్సు కన్నా సముద్రం కాస్త ఎడం ఇస్తుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా చిక్కగా, బరువుగా ఉంటుంది కాబట్టి శీతల దేశాల లోతైన సరస్సుల అడుగు ఏడాది పొడుగునా ఆ ఉష్ణోగ్రతకు దగ్గరలోనే ఉంటుంది. సుపీరియర్ సరస్సులో మునిగిన ఓడలను చూడబోయేవారికి జులైలోనూ అడుగున చలికాలమే. ధ్రువ సముద్రాల్లో నీరే మైనస్ 1.8 డిగ్రీలు ఉంటుంది కాబట్టి అక్కడ ఎడం దాదాపు ఉండదు.

రెండు గొట్టాల కాలం నుంచి

అడిగినప్పుడే గాలి ఇచ్చే యంత్రం ఆలోచన పాతది. ఫ్రాన్స్‌లో గని ఇంజనీరు బెన్వా రుకేరోల్, నౌకాదళ అధికారి ఓగుస్త్ దెనేరూజ్ కలిసి 1860లలోనే అలాంటిది చేశారు. ఆధునిక కథ జాక్ కూస్తో, ఎమీల్ గన్యాన్‌లతో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లు గ్యాస్ మీద నడిచేవి. వాటి కోసం తయారైన వాల్వును గన్యాన్ డైవింగ్‌కు మలిచారు. 1943 ఆరంభంలో, నడి చలికాలంలో, పారిస్ దగ్గర మార్న్ నదిలో దాన్ని తొలిసారి పరీక్షించారు. బోర్లా పడుకున్నప్పుడు బాగానే పని చేసింది. నిటారుగా నిలబడితే గాలి వృథాగా పోయింది. గాలి వచ్చే చోటూ ఊపిరి బయటికి పోయే చోటూ వేరే ఎత్తుల్లో ఉండటమే అందుకు కారణం. రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చి ఆ లోపం సవరించారు.

అలా పుట్టిన రెండు గొట్టాల రెగ్యులేటర్‌లో యంత్రమంతా వీపు వెనకే ఉంటుంది. వదిలిన తడి ఊపిరి వేరే గొట్టంలోంచి వెనక్కి పోతుంది, వాల్వును తాకదు. అందువల్ల మంచు బాధ తక్కువ. ఈ కారణంగానే రాయల్ ఆక్వామాస్టర్ లాంటి రెండు గొట్టాల పరికరాలు, వెచ్చని సముద్రాల్లో వాడకం పోయాక కూడా చాలాకాలం అంటార్కిటికా డైవర్ల దగ్గర మిగిలాయి.

1952లో మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్ పోర్పాయిస్ పేరుతో ఒంటి గొట్టం రెగ్యులేటర్ తెచ్చాడు. ఫస్ట్ స్టేజ్ సిలిండర్ మీద, సెకండ్ స్టేజ్ నోటి దగ్గర ఉండే ఈ అమరికే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. తేలిక, చౌక, శ్వాసకు సులువు. కానీ తడి ఊపిరి నేరుగా వాల్వు పక్కనుంచే పోతుంది. చన్నీటి రెగ్యులేటర్ అనే ప్రశ్న అసలు ఇక్కడే పుట్టింది.

జవాబు చలిదేశాల నుంచే వచ్చింది. స్వీడన్‌లో ఇంగ్వర్ ఎల్ఫ్‌స్ట్రోమ్ స్థాపించిన పోసైడన్ కంపెనీ 1958లో సైక్లోన్ రెగ్యులేటర్‌ను విడుదల చేసింది. గడ్డకట్టని ద్రవం నింపిన రబ్బరు టోపీ ఒకటి ఫస్ట్ స్టేజ్‌కు తొడిగి, స్ప్రింగును నీటి నుంచి వేరు చేసే పద్ధతి అక్కడ స్థిరపడింది. పిస్టన్ తయారీదారులు స్ప్రింగు గదిలో సిలికాన్ గ్రీజు కూరి అదే ఫలితం కోరారు. ఇంగ్లండ్‌లోని ఎపెక్స్ కంపెనీ గదిని పొడిగానే ఉంచి, బయట మరో పొర అమర్చి, మధ్యలో ఒత్తిడిని మోసుకుపోయే చిన్న పలక పెట్టింది. అమెరికా కంపెనీ షెర్‌వుడ్ ఇంకో దారి పట్టింది. ఫస్ట్ స్టేజ్ నుంచి సన్నటి బుడగల ధారను ఎప్పుడూ బయటికి వదులుతూ నీటిని లోపలికి రానివ్వకుండా చేసింది. ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న చన్నీటి రెగ్యులేటర్లు చాలావరకు ఈ దారుల్లో ఏదో ఒకదానికి చెందినవే.

డయాఫ్రమ్ పక్షం, పిస్టన్ పక్షం

డయాఫ్రమ్ రకంలో రబ్బరు పొర నీటినీ యంత్రాన్నీ వేరు చేస్తుంది. నీటి ఒత్తిడి పొరను నొక్కితే, పొర వాల్వును కదిలిస్తుంది. కదిలే భాగాలకు నీరు తగలదు. పొరకు అవతల, నీటి వైపున ఉన్న స్ప్రింగును కూడా ఇంకో పొరతో మూసేస్తే మంచు పట్టే చోటే ఉండదు. డయాఫ్రమ్ పక్షం బలమంతా ఇదే. స్కూబాప్రో ఎంకే17, ఎపెక్స్ రకాలు ఈ కోవలోవి.

పిస్టన్ రకంలో నీరు గదిలోకి వచ్చి నేరుగా పిస్టన్‌ను తోస్తుంది. భాగాలు తక్కువ, కట్టుబడి సూటి, గాలి ప్రవాహం ధారాళం. పెద్ద పిస్టన్ ఉన్న స్కూబాప్రో ఎంకే25 లాంటివి లోతుల్లోనూ శ్వాసకు తేలిగ్గా ఉంటాయని పేరు. కానీ ఆ ధారాళమే చలిలో ఎదురు తిరగవచ్చు. ఎక్కువ గాలి పోతే ఎక్కువ చలి, పైగా ఆ చలికి ఆనుకునే నీరు ఉంటుంది. పిస్టన్‌ను చలి నుంచి వేరు చేసే ప్లాస్టిక్ తొడుగులు, నీటి నుంచి వేడి లాగే రెక్కలు చేర్చి తయారీదారులు ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దామంటారు. ఆటమిక్ ఆక్వాటిక్స్ వంటివారు పిస్టన్‌కే మూత వేశారు.

ఇరుపక్షాల మాటా నిజమే గానీ, డయాఫ్రమ్ అన్నంత మాత్రాన చన్నీటికి తగినదని అర్థం కాదు. బయటి మూత లేని డయాఫ్రమ్‌లోనూ స్ప్రింగు దగ్గర మంచు కడుతుంది. పిస్టన్ అన్నంత మాత్రాన పనికిరానిదనీ కాదు. అమెరికా అంటార్కిటికా కార్యక్రమం మెక్‌మర్డో కేంద్రంలో ఏళ్ల తరబడి నమ్ముకున్న షెర్‌వుడ్ మాక్సిమస్ పిస్టన్ రకమే. వేడి నిలుపుకునే పలక అమర్చి, జాగ్రత్తగా వాడిన ఆ రెగ్యులేటర్లు గడ్డకట్టిన సందర్భాలు సుమారు 0.3 శాతమేనని ఆ కార్యక్రమం డైవింగ్ నిర్వాహకులు నమోదు చేశారు. యంత్రం జాతి కన్నా నీటిని స్ప్రింగుకు దూరంగా ఉంచారా లేదా అన్నదే ముఖ్యమని దీన్నిబట్టి తేలుతుంది.

నోటి దగ్గర: లోహమా, ప్లాస్టిక్కా?

సెకండ్ స్టేజ్ విషయంలో వాదం వేరు. ప్లాస్టిక్ తేలిక, దవడకు బరువు ఉండదు. కానీ అది వేడిని పోనివ్వదు, రానివ్వదు. లోపలికి దూసుకొచ్చే చల్లటి గాలికి విరుగుడుగా చుట్టూ ఉన్న నీటి వేడి అందదు. లోహపు డబ్బా నీటి వేడిని లోపలికి పంపుతుంది. వదిలిన ఊపిరిలోని వెచ్చదనాన్నీ కొంత పట్టి ఉంచుతుంది. అందుకే చన్నీటి రకాల్లో వాల్వు గొట్టమో, గొట్టం చేరే చోటో, మొత్తం డబ్బాయో లోహంతో చేస్తారు. గాలి వచ్చే చోట వేడి పట్టే రెక్కలు చేర్చడమూ మామూలే.

ఎదురు వాదం కూడా ఉంది. ఒడ్డున గాలి మైనస్ 20 డిగ్రీలు ఉన్నచోట లోహం వేగంగా చల్లబడుతుంది. నీటిలోకి దిగకముందే అందులో ఊపిరి పీలిస్తే ఆ తడి లోహం మీదే మొదట గడ్డకడుతుంది. అంటే లోహం ఆధిక్యం నీటిలోకి దిగాకే మొదలవుతుంది. ఒడ్డున ఎలా ఉంచారన్నది దాన్ని తారుమారు చేయగలదు.

ఐదు నిమిషాల పరీక్ష, అరగంట పరీక్ష

కొనుగోలుదారుకు కనిపించే ఆధారం ముద్ర. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 తొలిసారి 1993లో వచ్చింది, 2000లోనూ 2014లోనూ సవరించారు. నీరు 10 డిగ్రీల లోపు ఉంటే అది చన్నీటి డైవింగ్ కింద లెక్క. చన్నీటికి పనికొస్తుందని చెప్పుకునే రెగ్యులేటర్‌ను 4 డిగ్రీల నీటిలో, 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో, నిమిషానికి 62.5 లీటర్ల చొప్పున శ్వాసించే యంత్రానికి తగిలించి పరీక్షిస్తారు. మామూలు మనిషి పీల్చేదానికి అది మూడింతలు. ఐదు నిమిషాలు ఫ్రీ ఫ్లో లేకుండా నిలిస్తే పాస్. చలి పరీక్ష చేయించని వాటి మీద 10 డిగ్రీలకు పైనే వాడాలని గుర్తు ఉంటుంది. 2014 సవరణతో ఇంకో గుర్తు చేరింది. ఒకే ఫస్ట్ స్టేజ్ నుంచి ఇద్దరు పీల్చినా తట్టుకుంటుందని తేలితేనే 250 పక్కన ఎ అక్షరం వేస్తారు.

అమెరికా నౌకాదళానికి ఫ్లోరిడాలోని పనామా సిటీలో ప్రయోగాత్మక డైవింగ్ విభాగం ఉంది. అక్కడి పరీక్ష కఠినం. శ్వాస రేటు అదే 62.5 లీటర్లయినా, ఉప్పునీరు గడ్డకట్టే చలికి దగ్గరలో, సుమారు 60 మీటర్ల లోతు ఒత్తిడిలో, అరగంట సేపు నడిపిస్తారు. యూరప్ ముద్ర ఉన్న రెగ్యులేటర్లు ఇక్కడ ఓడిపోయిన సందర్భాలున్నాయి. ఆ నౌకాదళం తన డైవర్లకు 37 ఫారెన్‌హీట్, అంటే సుమారు 3 డిగ్రీల సెల్సియస్, అంతకన్నా తక్కువ నీటిలో చన్నీటికి ఆమోదించిన రకాలనే అనుమతిస్తుంది.

రెండు పరీక్షల్లో ఏది సరైనదన్న గొడవ తేలలేదు. నౌకాదళ డైవర్ తక్కువ ఉష్ణోగ్రతలో ఎక్కువసేపు కష్టపడి పని చేస్తాడు, అతనికి అరగంట పరీక్ష న్యాయం. సరదాగా 20 మీటర్లకు దిగేవాడు 50 మీటర్లలో నిమిషానికి 62.5 లీటర్లు పీల్చడు, అతనికి యూరప్ పరీక్షే అతి కఠినం అని ఒక వాదన. కానీ భయపడ్డ మనిషి సరిగ్గా అలాగే పీలుస్తాడని ఎదుటివారి జవాబు. ఇంకో లోటు కూడా ఉంది. రెండూ పాస్, ఫెయిల్ పరీక్షలే. పాసైన రెండింటిలో ఏది ఎంత మెరుగో ముద్ర చెప్పదు. కొత్త రెగ్యులేటర్ మీద చేసిన పరీక్ష ఐదేళ్ల పాతదానికి, సర్వీసు ఎగ్గొట్టినదానికి వర్తించదు.

పరికరం పక్షం, అలవాటు పక్షం

2007 మార్చిలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో ధ్రువ డైవింగ్‌పై అంతర్జాతీయ సమావేశం జరిగింది. స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన మైకేల్ లాంగ్, స్కాట్లండ్ శాస్త్రవేత్త మార్టిన్ సేయర్ దాని చర్చలను గ్రంథంగా తెచ్చారు. మంచు కింద పని చేసే శాస్త్రవేత్తల అనుభవం అక్కడ ఒకచోట చేరింది. ఆ వర్గం పాటించే పద్ధతుల్లో చాలావరకు పైసా ఖర్చు లేనివి. దిగేదాకా రెగ్యులేటర్‌ను వెచ్చగా, పొడిగా ఉంచాలి. నీటిలో పూర్తిగా మునిగాకే తొలి ఊపిరి పీల్చాలి. ఒడ్డున పర్జ్ బటన్ నొక్కి గాలి వదిలి చూడకూడదు. జాకెట్‌లోకీ డ్రై సూట్‌లోకీ గాలి కొద్దికొద్దిగానే నింపాలి, రెంటిలోకీ ఒకేసారి కాదు. వాల్వు మరీ తేలిగ్గా తెరుచుకోకుండా కాస్త బిగించి ఉంచాలి. మునక అయ్యాక కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

ఈ వర్గం ఇంకో నియమం పెట్టింది. మంచు కింద దిగే ప్రతి మనిషికీ రెండు వేర్వేరు ఫస్ట్ స్టేజ్‌లు, ఒక్కోదానికి విడి సెకండ్ స్టేజ్ ఉండాలి. ఎంత మంచిదైనా ఏదో రోజు గడ్డకట్టవచ్చు, అప్పుడు దాని వాల్వు కట్టేసి రెండోదానికి మారే వీలుండాలన్నది దీని ఆంతర్యం. ఇక్కడే మామూలు ఆక్టోపస్ అమరిక బలహీనత బయటపడుతుంది. అందులోలా ఒకే ఫస్ట్ స్టేజ్‌కు రెండు సెకండ్ స్టేజ్‌లు తగిలిస్తే, తోటివాడి గాలి అయిపోయినప్పుడు ఇద్దరూ అదే ఫస్ట్ స్టేజ్ నుంచి ఆత్రంగా పీలుస్తారు. ప్రవాహం రెట్టింపవుతుంది. ప్రాణం కాపాడవలసిన క్షణంలోనే అది గడ్డకట్టే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. యూరప్ ప్రమాణంలో ఎ గుర్తు చేరిందీ ఈ భయం వల్లే.

అలవాటు పక్షం వాదనకు హద్దు ఉంది. శాస్త్రవేత్తలు ఒడ్డున వేడి గుడారం, సహాయకులు, క్రమశిక్షణ ఉన్న మనుషులు. వారాంతంలో మంచు పేరుకున్న గట్టున వణుకుతూ నిలబడి వంతు కోసం ఎదురుచూసే డైవర్‌కు అన్నీ కుదరవు. బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ ఏటా వెలువరించే ప్రమాదాల నివేదికల్లో ఫ్రీ ఫ్లో ఘటనలు వస్తూనే ఉంటాయి. అలవాటు తప్పిన రోజున కూడా నిలబడేదే మంచి పరికరమని పరికరం పక్షం అంటుంది. ఈ మాటను తోసిపుచ్చలేం.

అహ్లోన్ రేవు, విశాఖ తీరం, పాంగోంగ్ సరస్సు

ఈ చర్చ మన నీళ్లకు ఎంతవరకు వర్తిస్తుంది? తెలుగువారికి పాత పరిచయమున్న ఒక వెచ్చని ఏటితో మొదలుపెడదాం. బర్మాలో, యాంగోన్‌లోని అహ్లోన్ ఏటి ఒడ్డున ఉన్న రేవు పేట. యాంగోన్‌ను రంగూన్ అన్న రోజుల్లో అక్కడి రేవుల్లో బరువులు మోసిన కూలీల్లో తెలుగువారే ఎక్కువ, బర్మాలో వారిని కోరంగీలన్నారు. ఆ నదిలో నీరు వెచ్చన, కానీ బురద వల్ల చేయి చాపితే చేయి కనిపించదు. ఆటుపోట్ల ప్రవాహం బలమైనది. మునిగిన ఓడల ఇనుము వెలికితీసే మునకగాళ్లు అక్కడ సిలిండర్ల జోలికి పోరు, పడవ మీది కంప్రెసర్ నుంచి సన్నని గొట్టం ద్వారా గాలి పీలుస్తారు. 1608లో పోర్చుగీసు దొర ఫిలిప్ ది బ్రిటో ష్వేడగాన్ పగోడా నుంచి తరలిస్తుండగా మునిగిపోయిందని చెప్పే ధమ్మజేది గంట కోసం ఆ ఏట్లో ఎన్నోసార్లు వెతికారు, దొరకలేదు. అక్కడ అడ్డం చలి కాదు, ఒండ్రు.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడూ ఇంతే. లోతు, సుడులు, బురద కలిసి డైవర్ల చేతులు కట్టేశాయి. చివరికి అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, తాళ్లతో బోటును వెలికితీసింది. అక్కడ చన్నీటి రెగ్యులేటర్ ఉన్నా ఒరిగేదేమీ లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ చర్చ ఒండ్రు నదులకూ పనికొస్తుంది. నీటిని స్ప్రింగు గదిలోకి రానివ్వని మూత ఇసుకనూ బురదనూ కూడా రానివ్వదు. యాంగోన్ నదిలోనో గోదావరిలోనో స్కూబా వాడక తప్పనివారికి మూత ఉన్న డయాఫ్రమ్ మేలు. దానికి కారణం శుభ్రతే, ఉష్ణోగ్రతతో పనిలేదు.

విశాఖ తీరంలో వేసవికి ముందు అడుగు నీరు పైకి పొంగి సముద్రం కాస్త చల్లబడటాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్రవేత్తలు 1950ల నుంచే గమనించారు. అయినా అది 10 డిగ్రీల గీతకు చాలా పైనే. సరదా డైవర్‌కు అక్కడ మామూలు రెగ్యులేటర్ సరిపోతుంది. దేశంలో అసలైన చన్నీటి డైవింగ్ హిమాలయాల్లో ఉంది. 2020 చివర్లో భారత నౌకాదళం తన మార్కోస్ కమాండోలను లద్దాఖ్‌లోని పాంగోంగ్ సరస్సు దగ్గర మోహరించింది. 4,200 మీటర్లకు పైబడిన ఎత్తు, చలికాలంలో గడ్డకట్టే ఉప్పటి నీరు. అక్కడ ఒడ్డున గాలి నీటికన్నా ఎంతో చల్లన కాబట్టి, దిగకముందు చేసే పొరపాటే ఎక్కువ ప్రమాదకరం.

వాదాల బలాబలాలు ఒక చూపులో

మూత ఉన్న డయాఫ్రమ్: మంచుకూ ఒండ్రుకూ ఓర్పు ఎక్కువ. భాగాలు ఎక్కువ, సర్వీసు చేసే చేతి నైపుణ్యం ముఖ్యం. బయటి పొర చిరిగితే వెంటనే తెలియకపోవచ్చు.

మూత లేని పిస్టన్: కట్టుబడి సులువు, ప్రవాహం ధారాళం. వెచ్చని నీటికి చక్కనిది, మంచినీటి చలికి తగదు.

గ్రీజు, బుడగల ధార, తొడుగులతో కాపాడిన పిస్టన్: చలిలో పరీక్షకు నిలిచిన చరిత్ర ఉంది. గ్రీజు రకం శుభ్రం చేయడం చిరాకు, బుడగల రకంలో గాలి కొద్దిగా ఖర్చవుతూనే ఉంటుంది.

లోహపు సెకండ్ స్టేజ్: నీటిలో మేలు, గడ్డకట్టే గాలిలో జాగ్రత్త కావాలి.

ఒకే ఫస్ట్ స్టేజ్, ఆక్టోపస్: తేలిక, చౌక. తీవ్రమైన చలిలో అవసరం పడిన క్షణానే బలహీనం.

రెండు వేర్వేరు ఫస్ట్ స్టేజ్‌లు: ఖర్చు, బరువు, సాధన పెరుగుతాయి. విఫలమైనా బయటపడే దారి ఉన్న అమరిక ఇదొక్కటే.

ఇంకా తేలని సంగతులు

యంత్రం శ్వాసించే తీరు మనిషి శ్వాసకు ఎంత దగ్గర అన్నది మొదటి ప్రశ్న. యంత్రం లయ తప్పదు. మనిషి ఆగుతాడు, దగ్గుతాడు, జాకెట్ బటన్ నొక్కుతాడు. ఈ కుదుపులను ప్రమాణాలు పూర్తిగా పట్టుకోలేదు. రెండోది, సర్వీసు తర్వాత పరికరం మునుపటి ఓర్పును నిలుపుకుంటుందా అన్నది. మధ్య ఒత్తిడి కాస్త పెరిగినా, వాల్వును మరీ తేలిక చేసినా ముద్ర విలువ పోతుంది. మూడోది, శ్వాస సులువుకూ మంచు ఓర్పుకూ ఉన్న వైరం. ఎంత తేలిగ్గా తెరుచుకుంటే అంత సుఖం, అంతే సులువుగా ఫ్రీ ఫ్లో. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా తేలుస్తోంది. నాలుగోది, పోల్చి చూసే సమాచారం. ఏ రెగ్యులేటర్ ఏ పరీక్షలో ఎన్ని నిమిషాలు నిలిచిందో కొనేవాడికి తెలిసేలా ప్రకటించే ఆనవాయితీ ఇంకా రాలేదు.

కొనబోయేవారికి

పక్షాలన్నీ తూచి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. నీరు 10 డిగ్రీల పైన ఉంటే దగ్గరలో సర్వీసు దొరికే ఏ మంచి రకమైనా చాలు. దానికన్నా తగ్గితే స్ప్రింగు గదికి మూత, లోహపు సెకండ్ స్టేజ్, ఈఎన్ 250 ఎ ముద్ర ఉన్నదే తీసుకోవాలి. 10 డిగ్రీల పైనే వాడాలన్న గుర్తు ఉన్నదాన్ని, ఎంత రాయితీకి వచ్చినా, సరస్సులోకి తీసుకుపోకూడదు. 4 డిగ్రీలకు దగ్గరైతేనో, తల పైన మంచు ఉంటేనో రెండు విడి ఫస్ట్ స్టేజ్‌లు, వాటిని కట్టేసి మారే సాధన లేకుండా దిగకూడదు. పిస్టన్, డయాఫ్రమ్ తగాదా ఇవన్నీ చూసుకున్న తర్వాతే వస్తుంది. డబ్బు కొద్దిగా ఉంటే ఖరీదైన ఒక్క రెగ్యులేటర్ కొనేకన్నా, మధ్యరకం చన్నీటి రెగ్యులేటర్లు రెండు కొని, మిగిలిన డబ్బు చన్నీటి శిక్షణకు ఖర్చు పెట్టడమే తెలివైన పని.